8 పెట్టెల డీవీడీలు, మా అత్త

నా దగ్గర 7 డీవీడీ పెట్టెలున్నాయి. అసలు సెట్టు 8. ఎనిమిదోది రాజమండ్రిలో మా అత్త బీరువాలో ఉంది. 2008 జనవరి నుంచి అక్కడే ఉంది, నేను అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు. మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు పాత ఆనిమేల్లో, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళలో, ఏది చూడమంటారని అడిగితే చెప్పడం మొదలుపెట్టి అరగంట ఆపలేకపోయాను, అప్పటి నుంచి మనసంతా అక్కడే తిరుగుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ సిరీస్ పేరు మెజోన్ ఇక్కొకు. రుమికో తకహాషి గారు 1980 నుంచి 1987 దాకా ఒక పత్రికలో గీసిన బొమ్మల కథ, పుస్తకాలుగా 15 సంపుటాలు. దాన్ని స్టూడియో డీన్ వాళ్ళు టీవీకి తీస్తే ఫుజీ టీవీలో 1986 మార్చి నుంచి 1988 మార్చి దాకా ప్రతి బుధవారం సాయంత్రం వచ్చింది. మొత్తం 96 ఎపిసోడ్లు. అంతకుముందు అదే సమయంలో ఆవిడదే ఇంకో కథ వచ్చేది, అందులో కొమ్ములున్న గ్రహాంతర అమ్మాయి, మెరుపులు, గోల. అది అయిపోయాక అదే చోట ఈ ఇల్లద్దెల కథ మొదలైంది. రాకెట్లు లేవు, మాయలు లేవు. టోక్యోలో ఒక పాత చెక్క మేడ, దాని నెత్తిన నడవని గడియారం, లోపల చిన్న చిన్న అద్దె గదులు, పై అంతస్తులో అయిదో నంబరు గదిలో గొదాయ్ అనే కుర్రాడు. కాలేజీ ప్రవేశ పరీక్ష తప్పి మళ్ళీ చదువుతుంటాడు, మనకు లాంగ్ టర్మ్ కోచింగ్ పిల్లలున్నట్టు. పక్క గదుల వాళ్ళు రోజూ రాత్రి వాడి గదిలోనే మందు పార్టీ పెడతారు. ఇక విసుగొచ్చి ఇల్లు ఖాళీ చేసి పోదామనుకునే సమయానికి కొత్త మేనేజర్ వస్తుంది. పేరు క్యోకో. వయసు ఇరవై దాటి ఎంతో లేదు. వెంట ఒక పెద్ద తెల్ల కుక్క. గొదాయ్ ఇల్లు ఖాళీ చేయడం మానేస్తాడు.

రొమాంటిక్ కామెడీ అంటారు దీన్ని, నిజమే, కడుపు పట్టుకుని నవ్విన ఎపిసోడ్లు చాలా ఉన్నాయి. కానీ క్యోకో భర్త చనిపోయిన మనిషి. హైస్కూల్ అయిపోగానే, తమ స్కూల్లో పాఠాలు చెప్పిన సొయిచిరో అనే ఆయన్నే ఇంట్లోవాళ్ళు వద్దన్నా పెళ్ళి చేసుకుంది, ఏడాది తిరక్కుండా ఆయన పోయాడు. ఆ మేడ మామగారిది. కోడలు ఒక్కతే కూర్చుని కుమిలిపోకుండా ఏదో ఒక పనిలో ఉంటుందని ఆయన ఆ మేనేజర్ పని అప్పజెప్పాడు. మొత్తం హాస్యమంతా ఈ దుఃఖం పక్కనే నడుస్తుంది, ఎక్కడా దాన్ని తొక్కదు.

నేను దీన్ని మొదట చూసింది టెక్సస్‌లో. 2004 ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్ళాను, రెండు బెడ్‌రూముల అపార్టుమెంటులో అయిదుగురం. ఇద్దరు గుంటూరు, ఒకడు వరంగల్, ఒకడు విశాఖ, నేను. వంట వంతులు, సరుకుల లెక్కలు ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద, హాల్లో ఎవరో పారేస్తే మోసుకొచ్చిన సోఫా, ఒక డబ్బా టీవీ. సెమిస్టర్ పరీక్షలున్న వాడి గదిలోనే మిగిలినవాళ్ళు పేకాట వేసేవాళ్ళు, ఎందుకంటే ఆ గదికే హీటర్ సరిగా పనిచేసేది. ఆ డిసెంబరు సెలవుల్లో డబ్బుల్లేక ఎక్కడికీ వెళ్ళక ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీకి నడిచి వెళ్ళి డీవీడీలు తెచ్చుకునేవాళ్ళం, వారానికి ఎన్నయినా ఉచితం. అక్కడ కనబడింది మొదటి పెట్టె. అట్ట మీద ఏప్రాన్ కట్టుకుని చీపురు పట్టుకున్న అమ్మాయి, ఆ ఏప్రాన్ మీద కోడిపిల్ల బొమ్మ. వరంగల్ వాడు 'చిన్నపిల్లల కార్టూనా' అన్నాడు. ఆ రాత్రి 4 ఎపిసోడ్లు చూశాం. యొత్సుయా అనే పక్కగది మనిషి గోడకు బొక్క కొట్టి గొదాయ్ గదిలోకి దూరిపోతుంటాడు, వాడి తిండి తినేస్తాడు, 96 ఎపిసోడ్లు అయిపోయినా ఆయన చేసే ఉద్యోగమేమిటో చెప్పరు. మాలో ఒకడికి ఆ పేరు స్థిరపడిపోయింది, ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో వాణ్ణి అలాగే పిలుస్తాం.

అమెరికాలో వీటిని అమ్మింది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న విజ్ అనే సంస్థ. మొదట వీహెచ్‌ఎస్ క్యాసెట్లుగా తెచ్చారు. అప్పట్లో ఇంగ్లిష్ మాటలు పెట్టిన క్యాసెట్ వేరు, జపనీస్ మాటలకు కింద ఇంగ్లిష్ అక్షరాలు వేసిన క్యాసెట్ వేరు, ఏది కావాలో ముందే తేల్చుకుని కొనాలి. డీవీడీ వచ్చాక ఆ గొడవ పోయింది, ఒకే డిస్కులో రెండూ ఉంటాయి, రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే చాలు. ఒక్కో పెట్టెలో 12 ఎపిసోడ్లు, 8 పెట్టెలకి 96. అవి 2003 నుంచి ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి, మేము ఒకటి చూడడం అయ్యేసరికి తర్వాతది ఇంకా వచ్చి ఉండేది కాదు. నెలల తరబడి ఆగడం. ఇప్పుడంతా ఒక్క రాత్రిలో చూసేస్తున్నారు, కాదనను, కానీ ఈ కథకి ఆ ఆగడం చాలా సరిగ్గా సరిపోయింది. కథలో కూడా ఏళ్ళు గడుస్తాయి. గొదాయ్ కాలేజీలో చేరతాడు, డిగ్రీ అవుతుంది, ఉద్యోగం దొరకదు, రాత్రి క్లబ్బులో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల్ని చూసుకునే పని చేస్తాడు, తనకు పిల్లలంటే ఇష్టమని తెలుసుకుని నర్సరీ టీచర్ పరీక్ష రాస్తాడు. మేమూ అంతే. ఒకరి తర్వాత ఒకరం ఉద్యోగాలు వెతుక్కుని అపార్టుమెంటు ఖాళీ చేస్తూ పోయాం.

ముందు ఇంగ్లిష్ మాటలతోనే చూశాం. అవి కెనడాలోని వాంకూవర్‌లో చేసినవి. సగంలోకి రాకముందే గొదాయ్ గొంతు మారిపోయింది, మొదట జేసన్ గ్రే స్టాన్‌ఫర్డ్, తర్వాత బ్రాడ్ స్వెయిల్. ఆ మార్పు నచ్చక ఒక రోజు జపనీస్‌కి మార్చాను. అంతే, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. క్యోకోకి గొంతు ఇచ్చింది సుమి షిమామొతో. కోపం, సిగ్గు, దిగులు అన్నీ ఆ ఒక్క గొంతులో ఒకదాని మీద ఒకటి పొరల్లా వినబడతాయి. గొదాయ్‌గా ఇస్సెయ్ ఫుతమాతా. మాట రాకపోయినా వాళ్ళు ఏమంటున్నారో తెలిసిపోయేది.

లైబ్రరీ సెట్లో నాలుగో పెట్టెలో ఒక డిస్కు లేదు, ఎవరో పోగొట్టారు. ఆ 4 ఎపిసోడ్ల కోసం మూడు నెలలు తిరిగాను. చివరికి మూసేస్తున్న ఒక వీడియో అద్దెల షాపులో అరలన్నీ ఖాళీ చేసి అమ్ముతుంటే కొన్ని పెట్టెలు దొరికాయి, మిగిలినవి ఉద్యోగం వచ్చాక ఒక్కొక్కటే కొన్నాను. 2007 నాటికి 8 పూర్తయ్యాయి. ఆ డిసెంబరులో మొదటిసారి ఇంటికి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య వాటిని సర్దుకుని తీసుకొచ్చాను. ఎందుకు తెచ్చానంటే కారణం చెప్పలేను. చాక్లెట్లు, షాంపూలు, అమ్మకి స్వెట్టరు, వాటితో పాటు ఇవి.

మా అత్త గురించి చెప్పాలి. నాన్నకి చెల్లెలు. 1977లో పెళ్ళయింది, ధవళేశ్వరంలో ఉద్యోగం చేసే మామయ్య కామెర్లతో 8 నెలలకే పోయారు. అప్పుడు అత్తకి 22 ఏళ్ళు. తాతయ్య వెళ్ళి ఇంటికి తీసుకొచ్చేశారు. తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసి మునిసిపల్ స్కూల్లో తెలుగు చెప్పింది, మా ఇంట్లోనే పెరటి వైపు గది ఆవిడది. నాకు అ ఆ లు దిద్దబెట్టింది ఆవిడే. మామయ్య గురించి నేను ఆవిడ నోట ఒక్క మాట వినలేదు. పేరు కూడా. మా వైపు పాతకాలం ఆడవాళ్ళు భర్త పేరు పలకరు కదా, సంక్రాంతికి వచ్చిన పేరంటాళ్ళు ఒకరినొకరు ఆట పట్టిస్తూ పేరు చెప్పించే సమయానికి అత్త ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. నేను చిన్నప్పుడు మామయ్య పేరు తెలుసుకున్నది గోడ మీది ఫోటో కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి.

వచ్చిన మూడో రోజు, జెట్‌లాగ్‌తో నిద్ర పట్టక రాత్రి హాల్లో కూర్చుని మొదటి డిస్కు పెట్టాను. ఇంట్లో డీవీడీ ప్లేయరు దాన్ని తీసుకోలేదు. డీవీడీలకు ప్రాంతాల లెక్క ఉంటుంది. అమెరికాది 1, మనది 5, జపాన్‌ది 2, ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయరులో ఆడదు. బాబాయి కొడుకు కంప్యూటర్లో పెడితే ప్రాంతం మార్చాలా అని అడిగింది, ఆ మార్పు మొత్తం మీద 5 సార్లే ఒప్పుకుంటుంది, ఆ తర్వాత చివరగా పెట్టినదే శాశ్వతం. వాడు భయపడి వద్దన్నాడు. అమెరికాలో కొన్న నా లాప్‌టాప్‌లో అయితే ఆడుతుంది. దాన్నే స్టీలు స్టూలు మీద పెట్టుకుని చూస్తుంటే, మంచినీళ్ళ కోసం లేచిన అత్త వెనకాల నిలబడిపోయింది.

'ఏంట్రా చిన్నా అది?'

'జపాన్ వాళ్ళ బొమ్మల కథ అత్తా. అద్దె ఇంట్లో వాళ్ళ గోల.'

'ఆ పిల్ల ఎవరు, వాకిలి ఊడుస్తోంది?'

క్యోకో ఎప్పుడూ వాకిలి ఊడుస్తూనే ఉంటుంది, ఆ మేడ ముందు. కోపం వస్తే మరీ గట్టిగా ఊడుస్తుంది. నేను మేనేజర్ అన్నాను. అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంగ్లిష్ అక్షరాలు అంత వేగంగా చదవలేదు కాబట్టి నేను చదువుతూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పసాగాను. అలా మొదలైంది.

చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయాను. కింద ఇంగ్లిష్‌లో విడో అని పడింది. దానికి మన భాషలో ఉన్న మాట మా అత్త ముందు నా నోటికి రాలేదు. ఆ మాట కాస్త రూపం మార్చుకుని మనకు తిట్టు కూడా అయి కూర్చుంది, పిల్లలు ఏ పనైనా చెడగొడితే దాంతోనే తిడతాం. జపనీస్‌లో ఆ మాట మిబోజిన్. నాకు తర్వాత తెలిసింది, అక్షరాలా చూస్తే 'ఇంకా చనిపోని మనిషి' అని దాని అర్థం. ఏ దేశమైనా ఈ ఒక్క విషయంలో ఆడవాళ్ళకి ఇంత కఠినమైన మాటలే ఎందుకు దాచిపెట్టుకుందో నాకు అర్థం కాదు. నేను కొంచెం ఆగి, 'ఆమెకి పెళ్ళయిందట, భర్త చనిపోయాడట' అన్నాను. అత్త తల ఊపింది. 'ఊ, చెప్పు, తర్వాత?' అంది.

రోజూ రాత్రి భోజనాలయ్యాక, అమ్మా నాన్నా పడుకున్నాక, 4, 5 ఎపిసోడ్లు. ఒక్కోసారి 6. మధ్యలో కరెంటు పోయేది, బ్యాటరీ ఉన్నంతసేపు చీకట్లో దోమలు తోలుకుంటూ చూసేవాళ్ళం. తెలుగులో చెప్పడం అలవాటయ్యేకొద్దీ నాకొకటి తెలిసొచ్చింది, ఇంగ్లిష్ కంటే ఇది తెలుగులోనే బాగా కుదురుతోంది. వాళ్ళ వాక్యంలో కూడా క్రియ చివరికే వస్తుంది, కాబట్టి క్యోకో నోరు మూసేసరికి నా వాక్యమూ పూర్తయ్యేది. పేరు చివర 'సాన్' అంటే మన 'గారు'. మాట చివర వాళ్ళు పలికే 'నే' అంటే మన 'కదా'. గొదాయ్ ఆమెని ఏళ్ళ తరబడి కన్‌రినిన్ సాన్ అనే పిలుస్తాడు, మేనేజర్ గారూ అని. ఇంగ్లిష్‌లో అది వట్టి హోదాలా ఉంటుంది. 'మేనేజర్ గారూ' అని తెలుగులో పిలిస్తే అందులో భయం, గౌరవం, ప్రేమ అన్నీ పడతాయి. 'పాపం, పేరు పెట్టి పిలవాలని ఉంది వాడికి, ధైర్యం చాలడం లేదు' అంది అత్త రెండో రోజే.

కుక్క సంగతి అప్పుడే వచ్చింది. ఆ తెల్ల కుక్క పేరు సొయిచిరో. చనిపోయిన భర్త పేరూ సొయిచిరోనే. కథేమిటంటే, ఆ కుక్కని ఇంటికి తెచ్చింది ఆయనే, పెట్టిన పేరు షిరో, అంటే తెల్లోడు అన్నట్టు. కానీ అది ఆ పేరుకి పలికేది కాదు. క్యోకో భర్తని 'సొయిచిరో గారూ' అని పిలిస్తే మాత్రం పరుగెత్తుకొచ్చేది. ఆయన పోయాక ఆమె ఆ కుక్కకి ఆ పేరే ఉంచేసింది. ఇప్పుడు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ పేరు పిలుస్తూనే ఉంటుంది. అన్నం పెడుతూ, షికారుకి తీసుకెళుతూ, అరుస్తూ.

నేను దీన్ని వివరించగానే అత్త నవ్వడం మొదలుపెట్టింది. మామూలుగా నవ్వే మనిషి కాదు, చీర కొంగు నోట్లో కుక్కుకుని, అమ్మ లేస్తుందేమోనని భయపడుతూ నవ్వింది, కళ్ళ వెంబడి నీళ్ళు. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగింది. ఎపిసోడ్ అయిపోయింది, చివరి పాట వస్తోంది, ఇద్దరం మాట్లాడలేదు.

'ఎంత సుఖపడిందిరా ఈ పిల్ల' అంది.

నాకు అర్థం కాలేదు.

'రోజుకి యాభై సార్లు పిలుచుకుంటోంది. ఎవరూ ఏమీ అనరు, కుక్కనే కదా పిలుస్తోంది.'

ఇంకాసేపటికి, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా, మామయ్య పేరు పలికింది. ఇంటి పేరుతో సహా. ఒక్కసారి. ఆ పేరు నేను ఇక్కడ రాయను, అది ఆవిడ పలకాల్సిన పేరు. 30 ఏళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ గొంతులో అది వినబడడం అదే మొదటిసారి అనుకుంటాను. తర్వాత లేచి లైటు ఆపేసి, పడుకోరా, రెండున్నర అయింది అంది.

ఆ రాత్రి తర్వాత అత్త కొంచెం కొంచెం చెప్పేది, డిస్కు మార్చే మధ్యలో. ఆయనకి సైకిలు మీద వేగంగా వెళ్ళడం ఇష్టమని, బ్యారేజి మీద నుంచి వస్తుంటే వెనక కూర్చుని కళ్ళు మూసుకునేదని, ఉల్లిపాయ వేయని పులుసు ముట్టేవారు కాదని. అంత మాత్రమే. క్యోకో భర్త ముఖం ఈ సిరీస్ మొత్తంలో ఎక్కడా చూపించరు, ఫోటోలో కూడా నీడ పడి ఉంటుంది. అది అత్తకి బాగా నచ్చిన విషయం. 'చూపించకపోవడమే మంచిది, ఎవరి మనిషి వాళ్ళకి కనబడతాడు' అంది.

మిగిలిన వాళ్ళంటే కూడా ఆవిడకి చాలా ఇష్టం కలిగింది. మొదటి గదిలో ఉండే ఇచినోసె గారు సాకే అనే జపాన్ మందు తాగి రెండు విసనకర్రలు పట్టుకుని గెంతుతుంటే, మన వీధిలో ఫలానా ఆవిడలా ఉందని ముసిముసిగా నవ్వేది. క్యోకోని పెళ్ళి చేసుకోవాలని తిరిగే టెన్నిస్ కోచ్ మితాకాకి పళ్ళు తళుక్కుమని మెరుస్తాయి, డబ్బుంది, కారుంది, కుక్కలంటే మాత్రం చచ్చేంత భయం. అత్త మొదటి నుంచీ అతని పక్షమే. 'ఆ పళ్ళబ్బాయి బుద్ధిమంతుడురా, ఈ గొదాయ్ ఇంకా పరీక్షలు రాసుకుంటున్నాడు.' మూడో పెట్టె దాటాక పక్షం మార్చింది. సగం చిక్కులు ఫోను వల్లే వస్తాయి, మేడ మొత్తానికీ ఒకటే ఫోను, అందరికీ వచ్చే కబురు అందరూ వింటారు. ఒకసారి ఇద్దరూ కలుద్దామనుకుని, పేర్లు ఒకేలా వినబడే రెండు వేర్వేరు కాఫీ షాపుల్లో గంటలు గంటలు ఒకరి కోసం ఒకరు కూర్చుంటారు. ఆ ఎపిసోడ్ చూస్తుంటే పక్కింటి పీపీ నంబరు రోజులన్నీ ఇద్దరికీ గుర్తొచ్చాయి. అమ్మమ్మ పోయిన కబురు కూడా మాకు పక్కింటి వాళ్ళ పిల్లాడే పరుగెత్తుకొచ్చి చెప్పాడు.

క్యోకో అమ్మా నాన్నా వచ్చి, అత్తింటి పేరు వదిలేసి పుట్టింటి పేరుకి మారిపో, మళ్ళీ పెళ్ళి చేసుకో అని పోరే ఎపిసోడ్లున్నాయి. అత్తింటి వాళ్ళు కూడా అదే అంటారు, నువ్వు చిన్నదానివమ్మా, మర్చిపో అని. ఆమె మాత్రం మొండికేసి ఒతొనాషి అన్న పేరు వదలదు. వాళ్ళ అమ్మ అరుపులకి నేను నవ్వాను. అత్త నవ్వలేదు. 'అడిగే వాళ్ళున్నారు' అని మాత్రం అంది.

రాజమండ్రి మాది. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు. స్కూల్లో అత్త ఆ పాఠం ఎన్ని వందల మంది పిల్లలకి చెప్పి ఉంటుందో, ఆయన ఇంటికి పిల్లల్ని వరసగా నడిపించుకుని తీసుకెళ్ళేది. 1978లో అదే ఊళ్ళో, 22 ఏళ్ళ పిల్లని మా ఇంట్లో ఒక్కరు కూడా అడగలేదు. చేసుకోమని పోరక్కర్లేదు, అడగొచ్చు కదా. తాతయ్య మంచివాడే, నాన్న మంచివాడే, నాకు తెలుసు. నేను కూడా ఆ రాత్రి దాకా ఆ ప్రశ్న ఎప్పుడూ అనుకోలేదు, పెరటి గదిలో అత్త ఉండడం నాకు వేపచెట్టు ఉండడం లాంటిదే. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ కష్టంగా ఉంది.

నా సెలవు 4 వారాలు. ఊళ్ళు తిరగడాలు, పెళ్ళిళ్ళు, పెళ్ళిచూపులు అన్నీ పోగా, ఇంకా 4 రోజులుందనగా ఏడో పెట్టె అయిపోయింది. మిగిలింది ఎనిమిదోది, 12 ఎపిసోడ్లు. ఆ నాలుగు రోజులూ చుట్టాలు ఇంటి నిండా, రాత్రులు హాల్లో పక్కలు, ఎక్కడా కుదరలేదు. అత్త ఏమీ అనలేదు, కానీ 'చివరికి ఏమవుతుందో చెప్పకు, వచ్చే ఏడాది వస్తావుగా' అంది. వచ్చే ఏడాది వస్తానో లేదో నాకే తెలియదు, వీసా స్టాంపింగ్ టెన్షన్ ఒకటి నెత్తి మీద ఉంది. అందుకని మూడు రాత్రులు మేడ మీద గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎపిసోడ్ ఆపుతూ ఆడిస్తూ, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో ఆ 12 ఎపిసోడ్ల మాటలన్నీ తెలుగులో రాశాను. ఎడమ పక్క ఎవరంటున్నారో, కుడి పక్క ఏమంటున్నారో. అప్పటికి తెలుగు చేత్తో రాసి ఆరేడేళ్ళయింది, వేళ్ళు నొప్పి పుట్టాయి, ఒత్తులు గుర్తురాక ఆగిపోయేవాణ్ణి. బయల్దేరే రోజు ఆ పుస్తకం, ఎనిమిదో పెట్టె, పాత లాప్‌టాప్ అత్తకి ఇచ్చేశాను, అక్కడికెళ్ళి ఇంకోటి కొనుక్కున్నాను. బాబాయి కొడుక్కి ఎలా పెట్టాలో నేర్పాను.

ఆ చివరి పెట్టె మీకు చెప్పేయొచ్చు, 1988లో అయిపోయిన కథ. గొదాయ్ క్యోకోని పెళ్ళి చేసుకోమని అడుగుతాడు. ఆమె ఒకే ఒక్క మాట తీసుకుంటుంది, నాకంటే ఒక్క రోజైనా ఎక్కువ బతకండి, మళ్ళీ ఒంటరిగా మిగలలేను అని. మన ఆడవాళ్ళు పుణ్యస్త్రీగా పోవాలని మొక్కుకునేది కూడా పైకి ఇదే మాట, కానీ క్యోకో బొట్టు కోసం అడగలేదు, ఒకసారి పడిన బాధ రెండోసారి పడలేక అడిగింది. తర్వాత గొదాయ్ ఒక్కడే సొయిచిరో సమాధి దగ్గరికి వెళ్ళి మాట్లాడతాడు. నేను కలిసిననాటికే మీరు ఆమె మనసులో ఉన్నారు, మిమ్మల్ని కూడా కలుపుకునే ఆమెని స్వీకరిస్తాను అన్న అర్థం వచ్చేలా చెబుతాడు. ఆమె వెనక నుంచి వింటుంది. 96 ఎపిసోడ్లూ ఆ కొన్ని మాటల కోసమే నడిచాయని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వెనకటి మనిషిని చెరిపేయమని ఎవరూ ఆమెని అడగరు. చివర్లో పాపని ఎత్తుకుని మళ్ళీ ఆ పాత మేడకే వస్తారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫోన్ చేస్తే అత్త 'అయిపోయిందిరా' అంది. ఎలా ఉందని అడిగాను. 'బాగా రాశావు. పొల్లులు మర్చిపోయావు' అంది. తర్వాత వాళ్ళ స్కూలు సంగతి మొదలుపెట్టింది. నేను రెట్టించలేదు.

2019లో ఇంటికి రంగులు వేయిస్తుంటే బీరువాలు జరపాల్సి వచ్చింది. అత్త రిటైరై అప్పటికి చాలా కాలమైంది, సాయంత్రం రేవు దాకా నడక, పిల్లలకి ఉచితంగా తెలుగు చెప్పడం. బీరువాలో పట్టుచీరల కింద పెట్టె కనబడింది, దాని మీద ఆ నోట్‌బుక్. అత్త గుడికి వెళ్ళింది. తెరిచి చూశాను. మొదటి పేజీ నుంచి ఎర్ర పెన్ను. టీచర్ కదా. నేను వదిలేసిన పొల్లులు, మర్చిపోయిన ఒత్తులు, ణ, న తేడాలు, అన్నీ దిద్దింది. ఒకచోట గొదాయ్ మాట నేను మరీ పుస్తకంలా రాస్తే కొట్టేసి, పైన 'ఇలా అంటాడా?' అని రాసి, తనే వాడి గొంతుకి సరిపోయేలా ఇంకో వాక్యం రాసింది. అది నాదానికంటే చాలా బాగుంది. మితాకా మాటల పక్కన ఒకచోట 'పాపం' అని ఉంది. అప్పటిదాకా తిప్పినవాటిలో ఒక్క పేజీ కూడా ఎరుపు లేకుండా లేదు.

సమాధి దగ్గర గొదాయ్ మాట్లాడే పేజీకి వచ్చాను. ఆ రోజు రాత్రి మూడు గంటలకి నిద్రమత్తులో రాసినట్టున్నాను, 'మనసులో' అన్న మాటలో ఒక అక్షరం పోయింది, 'స్వీకరిస్తాను'కి వత్తు తప్పు పడింది. రెండూ అలాగే ఉన్నాయి. ఆ పేజీలో ఎర్ర పెన్ను ఎక్కడా లేదు.